నా పుస్తకం నేనే వేసుకున్నాను

తెలుగులో కథలు రాసేవాళ్లలో చాలామంది తమ పుస్తకాన్ని తామే అచ్చు వేయించుకుంటారు. బయటివాళ్లకి ఈ సంగతి అంతగా తెలియదు. కథల సంపుటి వచ్చిందంటే ఏ పబ్లిషరో వెంటపడి తీసుకుని, చెక్కు కూడా రాసిచ్చి ఉంటాడనుకుంటారు. మా స్టాఫ్ రూములోనూ అదే అనుకున్నారు. "ఎంతిచ్చారు మేడమ్?" అని అడిగితే "నేనే ఇచ్చాను" అన్నాను. జోకనుకుని నవ్వారు.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతాను. కథలు రాసే అలవాటు పెళ్లికి ముందు నుంచీ ఉంది. పత్రికకి కథ పంపడం ఎలాగో రాసేవాళ్లందరికీ తెలిసిందే. కథతో పాటు హామీపత్రం జతచేయాలి. ఇది నా సొంత రచన, అనువాదమూ అనుసరణా కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని రాసి సంతకం పెట్టాలి. తర్వాత నెలల తరబడి ఎదురుచూపు. వేసుకుంటే పారితోషికం ఐదొందలో వెయ్యో వస్తుంది, కొన్ని పత్రికల నుంచి అదీ రాదు. సంక్రాంతికో ఉగాదికో పెట్టే పోటీల్లో బహుమతి తగిలితే కాస్త గట్టి మొత్తం. కోవిడ్ కాలంలో చతుర, విపుల లాంటి మాసపత్రికలు ఆగిపోయాక కథ పంపడానికి చోట్లే తగ్గిపోయాయి. అచ్చయిన కథలు పాత సంచికల్లో పడి ఉంటే చదివేదెవరు? పదహారు కథలు ఏరి, పుస్తకంగా తెద్దామనుకున్నాను. పేరున్న ప్రచురణ సంస్థలు రెండింటిని అడిగాను. ఒకరు జవాబివ్వలేదు. ఇంకొకరు ఖర్చు మీరే పెట్టుకుంటే మా పేరు మీద వేస్తాం అన్నారు. ఖర్చు నాదే అయినప్పుడు పేరు కూడా నాదే ఉండనీ అనుకున్నాను.

కథలన్నీ కంప్యూటర్లో యూనికోడ్‌లో కొట్టుకున్నవే కాబట్టి టైపింగ్ ఖర్చు మిగిలిందని సంబరపడ్డాను. గవర్నర్‌పేటలో డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే పని, చేసే అబ్బాయి ఫైలు చూసి, "మాది పేజ్‌మేకర్ మేడమ్, అను ఫాంట్లలోకి మార్చాలి" అన్నాడు. మన దగ్గర చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే ఆ పాత సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తున్నాయి. దానికి యూనికోడ్ తెలుగు అర్థం కాదు. కన్వర్టర్లో వేసి మారుస్తారు. ఆ మార్పులో జరిగే చిత్రాలు చూడాలి. 'హెడ్‌మాస్టర్' అని మనం విడిగా రాసిన మాటలో 'మ' జారి 'డ' కింద వత్తుగా కూర్చుంటుంది. వత్తు పడకుండా ఆపడానికి యూనికోడ్‌లో మధ్యన కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, కన్వర్టరు దాన్ని మింగేస్తుంది. నా కథల్లో అపార్ట్‌మెంట్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, బస్‌స్టాండ్లు బోలెడు. కొటేషన్ మార్కులు ఉండాల్సిన చోట ఇంకేవో అక్షరాల ముక్కలు. ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేరుగా యూనికోడ్‌తో చేసేవాళ్లూ ఉన్నారు, మండలి లాంటి మంచి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. కానీ నేను ఎంచుకున్న ప్రెస్సు వాళ్లు ఏళ్ల తరబడి ఈ అబ్బాయితోనే చేయిస్తున్నారు. వాళ్లకి అలవాటైన దారిలో వెళ్తేనే పని ముందుకి కదులుతుందని ఊరుకున్నాను.

ప్రూఫులు దిద్దడానికి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారిని పెట్టుకున్నాను, పేజీకి పన్నెండు రూపాయలు. ఆయన చూశాక నేను మళ్లీ చూసేదాన్ని. అచ్చుతప్పులన్నిటిలోకీ నన్ను ఎక్కువ సతాయించింది ఒక్క అక్షరం. లోపలి టైటిల్ పేజీ ఆ అబ్బాయి సొంతంగా కొట్టాడు, 'కధలు' అని. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి 'థ' అని పక్కన పెద్దగా రాశాను. రెండో ప్రూఫులో టైటిల్ పేజీ బాగుపడింది కానీ ప్రతి ఎడమ పేజీ నెత్తిన సన్నటి అక్షరాల్లో 'కధలు' అలాగే ఉంది. "రెండూ ఒకటే కదా మేడమ్, చదివేవాళ్లు పట్టించుకోరు" అన్నాడు. పట్టించుకునేవాళ్లే పుస్తకం కొంటారు బాబూ అన్నాను. మార్చాడు, కాస్త మొహం ముడుచుకునే.

పేజీలు కట్టాక లెక్క 168 తేలింది. ప్రెస్ ఓనరు గారు పెద్దాయన, వేళ్ల సందుల్లో ఇంకు మరకతో ఉంటారు. నన్ను 'అమ్మా' అంటారు. "ఫారానికి పదహారు పేజీలమ్మా. 168 అంటే పదిన్నర ఫారాలు. ఆ అర ఫారం దండగ, 160కి దించండి" అన్నారు. అక్షరం 13 పాయింట్ల నుంచి పన్నెండున్నరకి తగ్గించి, ప్రతి కథా కుడి పేజీలోనే మొదలవ్వాలన్న నా పట్టుదల వదిలేస్తే సరిగ్గా పది ఫారాలకి వచ్చింది. తర్వాత కాగితం. రెండు రకాలు నా చేతిలో పెట్టి, ఒక్కోదాన్నీ కిటికీ వైపు ఎత్తి చూపించారు. పల్చటి దాంట్లోంచి అవతలి పేజీ వరసలు కనబడుతున్నాయి. 70 జీఎస్ఎమ్ (కాగితం బరువు కొలత) మాప్‌లితో రకం కాగితం ఖాయం చేశాం. సైజు డెమ్మీ, అట్టకి 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్.

ఎన్ని కాపీలు అనే దగ్గర అందరూ వెయ్యి అన్నారు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు 500 వేసినా 1,000 వేసినా ఒకటే, కాబట్టి కాపీ ధర బాగా పడిపోతుంది. ఇది నేను క్లాసులో ఏటా చెప్పే పాఠమే. స్థిర వ్యయం, చర వ్యయం. అయితే ఆ పాఠంలో అమ్ముడుపోని సరుకు గురించి కూడా ఉంటుంది. తగ్గేది కాపీ ధర, పెరిగేది మంచం కింద కట్టలు. 500 చాలన్నాను.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య విషయంలో చాలామంది అనవసరంగా డబ్బు వదిలించుకుంటున్నారు. "మేం తెప్పిస్తాం, మూడు వేలవుతుంది" అని నాకూ ఒకాయన చెప్పాడు. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ అని ఉంది, కేంద్ర విద్యాశాఖ కింద. ఆ సంఖ్య ఇచ్చేది వాళ్లే, పైసా తీసుకోరు. సొంతంగా వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. గుర్తింపు కార్డు, పుస్తకం వివరాలు, అట్ట నమూనా అడిగారు. కొన్ని వారాలు పట్టింది, వచ్చేసింది. 978తో మొదలయ్యే ఆ పదమూడంకెల సంఖ్యని వెనక అట్ట మీద బార్‌కోడ్‌తో చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, కథ అచ్చయినప్పటి కన్నా ఎక్కువ సంతోషమేసింది. ఇంకో సంగతి. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన ముప్పై రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమెరా గ్రంథాలయానికీ, ముంబైలో ఒకదానికీ, ఢిల్లీలో ఒకదానికీ ప్రచురణకర్త కాపీలు పంపాలి. మనమే ప్రచురణకర్తలం కాబట్టి ఆ బాధ్యత మనదే. వీటికి తోడు శ్రీకాకుళంలో కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం కథానిలయానికి ఒకటి పంపాను. తెలుగు కథ ఏది ఎక్కడ అచ్చయినా అక్కడికి చేరాలన్నది ఆయన కోరిక.

ముందుమాట కోసం ఒక పెద్ద రచయితని అడిగాను. ఒప్పుకున్నారు. మూడు నెలలు గడిచినా రాలేదు. ఫోన్ చేసి గుర్తు చేయడానికి మొహమాటం, చేయకపోతే ప్రెస్సాయన తొందర. చివరికి "మాస్టారూ, మీకు వీలుకాకపోతే పర్వాలేదండీ" అని మెసేజ్ పెడితే మర్నాడే రాసి పంపారు. అందులో నా కథల్ని 'మధ్యతరగతి జీవన వైరుధ్యాల ఆర్ద్ర చిత్రణ' అన్నారు. గర్వంగానే అనిపించింది అప్పటికి.

ఇక ధర. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటి కన్నా కష్టమైంది ఇదే. ఖర్చు రాస్తాను: డీటీపీ 5,600, ప్రూఫులు 1,900, ముఖచిత్రం వేసిన ఆర్టిస్టుకి 5,000, అచ్చు, బైండింగు కలిపి 39,000. వెరసి 51,500. అంటే కాపీకి 103 రూపాయలు. ఒక సాహితీ మిత్రుడు, వయసులో పెద్దవారు, "ధర దగ్గర 'అమూల్యం' అని వేయించమ్మా, హుందాగా ఉంటుంది" అన్నారు. అలా వేసిన పుస్తకాలు మా ఇంట్లో ఒక అర నిండా ఉన్నాయి. అన్నీ సభల్లో చేతిలో పెట్టినవే. వాటిలో ఎన్నింటిని విప్పి చదివానో నాకు తెలుసు కాబట్టి నేను ఒప్పుకోలేదు. వెల 180 అని అట్ట మీద వేయించాను, కంటికి కనబడేంత సైజులో.

2024 నవంబరులో ఠాగూర్ గ్రంథాలయంలో ఆవిష్కరణ. హాలు అద్దె, ఫ్లెక్సీ, శాలువాలు, టీ బిస్కెట్లు కలిపి 8,500 అయింది. శాలువాలు మానేద్దామంటే ఎవరూ ఒప్పుకోలేదు. నేను గట్టిగా పట్టుబట్టింది ఒక్కటే: వేదిక మీదున్నవాళ్లకి తప్ప ఎవరికీ ఊరికే పుస్తకం ఇవ్వనని. హాలు గుమ్మం దగ్గర టేబుల్ వేసి, మా స్టూడెంట్ ఒకమ్మాయిని కూర్చోబెట్టి, క్యూఆర్ కోడ్ అట్టముక్క ముందు పెట్టాం. సభలో 150కే అన్నాం. మా ఆయన కాస్త దూరంగా నిలబడ్డారు, ఎవరో మమ్మల్ని తిడతారేమో అన్నట్టు. ఎవరూ తిట్టలేదు. అరవై దాకా అమ్ముడయ్యాయి. కొంతమంది చేతిలోకి తీసుకుని, ధర చూసి, నా వంక చూసి, మళ్లీ పెట్టేశారు. పెట్టేసినవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లూ ఉన్నారు.

బంధువుల దగ్గర ఇంకా రసవత్తరంగా సాగింది. ఒక గృహప్రవేశంలో వంటింటి దగ్గర కూరగాయలు తరుగుతూ మా ఆడపడుచు, "మాకో పుస్తకం ఇవ్వవా వదినా, చదువుతా" అంది. "సంచీలోనే ఉంది. నూట యాభై ఫోన్‌పే చెయ్యి" అన్నాను. వంకాయ ముక్కలు నీళ్లలో పడుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది. మా అత్తగారు నన్ను చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు. ఆడపడుచు చేయి తుడుచుకుని, ఫోన్ తీసి పంపించింది, "ఇంట్లోవాళ్లకి కూడానా" అని పైకి అంటూనే. వారం తిరక్కుండా ఫోను. "నాలుగో కథలో ఆ ఇల్లుగల పెద్దావిడ మా అమ్మే కదూ?" అని. పేజీ నంబరుతో సహా చెప్పింది. కాదు కాదని అరగంట నచ్చజెప్పాను. ఊరికే ఇచ్చిన కాపీల్లో ఒక్కదాని గురించి కూడా ఎవరూ నాతో అరగంట దెబ్బలాడలేదు.

పంపిణీదారుకి వంద కాపీలిచ్చాను. నలభై శాతం కమిషను. అంటే నాకొచ్చేది 108. సభ ఖర్చు కూడా కలిపితే నా పుస్తకం నాకు 120 పడింది కాబట్టి, షాపులో అమ్ముడయ్యే ప్రతి కాపీకీ పన్నెండు రూపాయలు చేతి చమురు. లెక్కలు ఏడాదికోసారి. ఫోన్ చేస్తే "ఇప్పుడు సీజన్ కాదండీ" అంటారు. వాళ్ల దగ్గర వేల పుస్తకాలుంటాయి, కొత్త రచయిత కథల పుస్తకాన్ని ఎదురుగా ఎందుకు పెడతారు? ఏడాది చివర నలభై కాపీల డబ్బు వచ్చింది. అడిగితేనే అనుకోండి.

అసలు అమ్మకం నేర్పింది 2025 జనవరి పుస్తక మహోత్సవం. ఇందిరాగాంధీ స్టేడియంలో పెట్టారు. తెలిసిన చిన్న ప్రచురణకర్త ఒకరు తన స్టాల్లో ఒక మూల నాకిచ్చారు, కాపీకి ముప్పై ఆయనకి. సాయంత్రం కాలేజీ అవగానే వెళ్లి నిలబడేదాన్ని. జనం పుస్తకాన్ని ఎలా చూస్తారో అప్పటిదాకా నేను గమనించలేదు. ముందు అట్ట. తర్వాత వెనక అట్ట. అక్కడ రచయిత ఫొటో చూసి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి, కంగారుగా కింద పెట్టేసేవాళ్లు కొందరు. కొననప్పుడు రచయిత ఎదురుగా ఉండటం వాళ్లకీ ఇబ్బందే. అందుకని నేను కాస్త పక్కకి జరిగి వేరే పుస్తకాలు సర్దుతున్నట్టు నిలబడటం మొదలుపెట్టాను. ముట్టుకునేవాళ్లు పెరిగారు.

"ఇందులో ఏముందండీ?" అని అడిగేవాళ్లకి మొదట్లో ఏం చెప్పాలో తెలిసేది కాదు. ముందుమాటలోని 'జీవన వైరుధ్యాల' మాట ఒకావిడతో అంటే, "ఆహా" అని పక్క స్టాలుకి వెళ్లిపోయింది. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది నాకు. ఒకసారి మాత్రం కాలేజీ నుంచి వచ్చిన అలసటలో, "అద్దె ఇళ్ల కథలండీ. మన బెజవాడలో ఇల్లుగలవాళ్లకీ అద్దెకున్నవాళ్లకీ మధ్య జరిగేవి" అనేశాను. అడిగినాయన వెంటనే, "నీళ్ల మోటారు గొడవ ఉందా?" అన్నాడు. ఉందండీ, రెండో కథే అది అన్నాను. అక్కడే నిలబడి ఆ కథ మొత్తం చదివాడు. జనం తోసుకుంటుంటే పక్కకి ఒదిగి మరీ చదివాడు. పూర్తయ్యాక పుస్తకం ఉన్నచోట పెట్టేసి, ఏం మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఊరికే చదివేశాడే అని నాకు కాస్త కోపం కూడా వచ్చింది. మర్నాడు భార్యని వెంటబెట్టుకుని వచ్చి రెండు కాపీలు కొన్నాడు. ఒకటి తమకట, ఇంకొకటి వాళ్ల ఇంటి ఓనరుకట.

అప్పటి నుంచీ అదే మాట. అద్దె ఇళ్ల కథలు. అన్ని రోజులు రాసీ, దిద్దీ, నా పుస్తకం దేని గురించో నాలుగు మాటల్లో చెప్పడం నాకు స్టాల్లో నిలబడితే గానీ రాలేదు. ముందుమాటలోని మాట అబద్ధం కాదు, కాకపోతే ఆ మాటకి పుస్తకం అమ్ముడవదు. మహోత్సవం ముగిసేసరికి తొంభై దాకా పోయాయి.

పోస్టులో పంపడం వేరే కథ. రచయితలందరికీ ఇన్నాళ్లూ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆధారం, తక్కువలో అయ్యేది, రసీదూ ఉండేది. సరిగ్గా నా పుస్తకం వచ్చిన కొద్దిరోజులకే, 2024 డిసెంబరులో, తపాలా శాఖ దాన్ని ఎత్తేసింది. స్పీడ్ పోస్టులో పంపితే దూరాన్ని బట్టి, బరువుని బట్టి యాభై, డెబ్బై అయ్యేది. 180 పుస్తకానికి డెబ్బై పోస్టేజీ అడగడానికి నోరు రాక కొంత నేనే భరించాను. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని మొదలుపెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ కూడా ఉంది. నా పుస్తకం కవరుతో కలిపి రెండు వందల గ్రాముల పైచిలుకు, కాబట్టి హాయిగా సరిపోతుంది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుల పేరో ఉండాలి, లోపల వాణిజ్య ప్రకటనలు ఉండకూడదు. మా వీధి చివర పోస్టాఫీసులో కౌంటర్ అమ్మాయికి మొదట ఆ సేవ ఉన్నట్టే తెలియదు, నేనే ఫోన్లో చూపించాను. ఇప్పుడు నన్ను చూడగానే "జ్ఞాన్ పోస్టేనా మేడమ్" అంటుంది. ఫేస్‌బుక్‌లో చూసి, వాట్సాప్‌లో అడిగి, డబ్బు పంపి తెప్పించుకున్నవాళ్లు వంద దాటారు. హైదరాబాద్, బెంగళూరు, ఒకటి ఖరగ్‌పూర్.

ఇప్పటికి లెక్క ఇలా ఉంది. సభ ఖర్చుతో కలిపి పెట్టింది 60,000. తిరిగొచ్చింది 40,000కి అటూ ఇటూగా. షాపుల్లో అరవై, ఇంట్లో తొంభై కాపీలు మిగిలాయి. అవన్నీ అమ్ముడైతే పెట్టుబడి దాదాపు తీరుతుంది, ఏళ్ల తరబడి రాసిన కథలకి కూలి మాత్రం సున్నా. రాసి బతకడం అనే మాట నా విషయంలో ఎవరూ అనకూడదు. జీతం కాలేజీ ఇస్తోంది, కథలు నేను రాసుకుంటున్నాను. రెండో సంపుటికి సరిపడా కథలున్నాయి. ఈసారి డిజిటల్‌లో వంద కాపీలే వేయిస్తాను. కాపీకి ఖర్చు ఎక్కువే పడుతుంది గానీ, అయిపోతే మళ్లీ వంద వేయించుకోవచ్చు, మంచం కింద చోటు మిగులుతుంది.

వింతేమిటంటే, పుస్తకం వల్ల వేరే పని ఒకటి వచ్చిపడింది. మీ పుస్తకంలో తప్పుల్లేవు, ప్రూఫులు ఎవరు చూశారని అడిగి, ప్రూఫులు దిద్దిన తెలుగు మాస్టారికీ నాకూ కలిపి కొందరు తమ రాతప్రతులు ఇస్తున్నారు. పేజీకి పదిహేను. ఈ ఏడాది కథల పారితోషికాల కన్నా ప్రూఫుల డబ్బే ఎక్కువొచ్చింది. ప్రస్తుతం టేబుల్ మీద ఒక రిటైర్డ్ తహసీల్దారు గారి ఆత్మకథ ఉంది, 240 పేజీలు. 'కధ' అని ఎక్కడా లేదు, ఆ మేరకి హాయి. కాకపోతే వెల దగ్గర ఆయన కూడా 'అమూల్యం' అని రాశారు. పక్కన పెన్సిల్‌తో '250?' అని పెట్టాను. ఆదివారం ఫోన్ చేసి మాట్లాడాలి.